చుక్కలో ముప్పయ్యో వంతు: మొరాయించే మందు పంపు లెక్కలు

జూలై వస్తుంది. పత్తికి పచ్చదోమ తగులుతుంది. అటక మీది పవర్ స్ప్రేయరు దించి, దుమ్ము దులిపి, పెట్రోలు పోసి తాడు లాగుతాం. పలకదు. చోక్ వేసి లాగుతాం. పలకదు. ఇరవైసార్లు లాగేసరికి భుజం పట్టేస్తుంది, ఎండ నెత్తికెక్కుతుంది, పిలిచిన కూలీ గట్టు మీద కూర్చునే ఉంటాడు. ఇక పంపును బండి మీద పెట్టుకుని నందిగామ ప్రయాణం. అక్కడ షాపు ముందు మనకన్నా ముందొచ్చిన పంపులు వరసగా ఉంటాయి.

వీరులపాడు మండలంలో పత్తి, మిరప వేసే ప్రతివారికీ ఈ ఉదయం ఎరుకే. నేను చూసినంతలో ఆ వరసలోని పంపుల్లో ఎక్కువ వాటికి ఇంజను చెడిపోలేదు. తల వెంట్రుకకన్నా పలచని జిగురు పొర ఒకటి, ఉండకూడని చోట పేరుకుపోయింది, అంతే. ఆ మాట నమ్మాలంటే ఈ చిన్న ఇంజను ఎంత తక్కువ పెట్రోలుతో, ఎంత సన్నని దారుల్లో పని చేస్తుందో ముందు లెక్క చూడాలి. లెక్క తెలిస్తే ఏ భాగం విప్పాలో, ఏది ముట్టుకోకూడదో దానంతటదే తెలిసిపోతుంది.

మన వీపున మోసే తైవాన్ రకం పంపుల్లో చాలావాటి ఇంజను 25.6 సీసీ ఉంటుంది. సీసీ అంటే ఘన సెంటీమీటరు, మిల్లీలీటరుతో సమానం. పిల్లలకు దగ్గు మందు పోసే 5 మిల్లీలీటర్ల చెంచాతో ఐదు చెంచాలు. ఇంజను లోపల పిస్టన్ ఆడే చోటు మొత్తం అంతే. ఇది టూ స్ట్రోక్ రకం. అంటే పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి వచ్చేలోపు ఒక మంట పూర్తవుతుంది. మందు కొట్టేటప్పుడు నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుందనుకుంటే సెకనుకు 100 మంటలు.

ఇప్పుడు పెట్రోలు సంగతి. ఈ సైజు ఇంజను పనిలో ఉండగా గంటకు సుమారు 600 మిల్లీలీటర్లు తాగుతుందని అనుకుందాం. నిమిషానికి 10 మిల్లీలీటర్లు, రెండు చెంచాలు. మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన నిమిషానికి 200 చుక్కలు. నిమిషానికి 6,000 మంటలు కదా, భాగించి చూడండి. ఒక్కో మంటకు దక్కేది చుక్కలో ముప్పయ్యో వంతు. ఎకరానికి 200 లీటర్ల మందు నీళ్లు కొడతామనుకుంటే 20 లీటర్ల ట్యాంకులు పది. ట్యాంకుకు 8 నిమిషాలు పట్టినా మొత్తం 80 నిమిషాలు. ఆ ఒక్క ఎకరంలో ఇంజను చుక్కలో ముప్పయ్యో వంతును 4,80,000 సార్లు కొలిచి తీసుకుంటుంది.

చుక్కను ముక్కలు చేసేది కార్బొరేటరు. ఇదేదో గడ్డు యంత్రం అనుకోనక్కర్లేదు. పాతరోజుల్లో దోమలకు ఫ్లిట్ కొట్టే చేతి పంపు గుర్తుందా? ముందు డబ్బాలోంచి ఒక సన్న గొట్టం పైకి ఉంటుంది, దాని మూతి మీదుగా గాలి జోరుగా వెళ్తుంది, ఆ జోరుకు కింది మందు పైకి లేచి తుంపరవుతుంది. కార్బొరేటరులో జరిగేదీ అదే. ఇంజను గాలి పీల్చేటప్పుడు ఆ గాలి ఇరుకు దారిలో వేగం పుంజుకుని కింది గిన్నెలోని పెట్రోలును పైకి లాగుతుంది. పెట్రోలు ఎంత రావాలో ఒక చిన్న ఇత్తడి బిళ్లలోని బెజ్జం నిర్ణయిస్తుంది. దాన్నే జెట్టు అంటారు. గిన్నె పొంగిపోకుండా చూసేది ఫ్లోటు. కూలరులో నీళ్లు నిండగానే కుళాయి కట్టేసే తేలుడు బంతి లాంటిదే.

గాలి ఎంత కావాలి అని అడిగితే, పెట్రోలు బరువుకు 14.7 రెట్లు. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు, దానికి దాదాపు 11 కిలోల గాలి. బరువులో చెబితే కంటికి ఆనదు గానీ, 11 కిలోల గాలి అంటే సుమారు 9,300 లీటర్లు. 20 లీటర్ల మంచినీళ్ల టిన్నులు 460కి పైగా. అంత గాలినీ చేతి గుప్పెడంత ఎయిర్ ఫిల్టరులోంచి పీల్చాలి. పత్తి చేలో దుమ్ము, మందు పొడి ఆ స్పాంజి మీద అట్టకట్టాక ఇంజనుకు ఊపిరాడుతుందా? గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, నల్లపొగ వస్తుంది. స్పాంజిని సబ్బునీళ్లలో పిండి పూర్తిగా ఆరబెట్టి పెట్టడం ఐదు రూపాయల ఖర్చు కూడా లేని పని. దాన్ని తీసేసి నడిపేవాళ్లు ఉన్నారు, ఆ పని మాత్రం చేయవద్దు. ఇసుక రేణువు లోపలికి పోతే పిస్టన్ గోడలను గీకేస్తుంది.

“నాలుగు నెలలు ఊరికే ఉన్న పంపు ఎలా పాడవుతుంది? వాడితే కదా అరిగేది?” అని మా ఊళ్లో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇంజను అరగలేదు, పెట్రోలు ముసలిదైంది. పెట్రోలు ఒకే పదార్థం కాదు. సుమారు 35 డిగ్రీల దగ్గరే ఆవిరయ్యే తేలిక భాగం నుంచి 200 డిగ్రీలు దాటితే గానీ కదలని బరువు భాగం దాకా అందులో ఎన్నో కలిసి ఉంటాయి. చల్లని ఇంజనును అంటించేది ఆ తేలిక భాగమే. నందిగామ, జగ్గయ్యపేట వైపు మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. గిన్నెలో మిగిలిన చెంచా రెండు చెంచాల పెట్రోలులోంచి తేలిక భాగం ఎగిరిపోతుంది, బరువు భాగం గాలితో కలిసి చిక్కబడి, గోధుమరంగు జిగురులా పొరకడుతుంది. మూత తీసి వాసన చూస్తే చాలు. తాజా పెట్రోలు ముక్కుకు చురుక్కున తగులుతుంది. పాతది పాత వార్నిష్ డబ్బా వాసన వేస్తుంది.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఇప్పుడు బంకుల్లో మామూలైపోయింది. లీటరులో 200 మిల్లీలీటర్లు చెరకు నుంచో ధాన్యం నుంచో తీసిన సారాయి లాంటి ద్రవం అన్నమాట. దీనికి నీరంటే ఇష్టం, గాలిలో తేమను లాక్కుంటుంది. కొంతవరకు కలుపుకుని మోస్తుంది, మోయలేనంత అయ్యాక నీరూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి. జెట్టు ఉండేది అడుగునే కదా. ఇంకో సంగతి ఉంది. ఇథనాల్ మండటానికి తన బరువుకు 9 రెట్ల గాలి చాలు, 14.7 అక్కర్లేదు. ఆ లెక్కన ఇరవై శాతం మిశ్రమానికి కావలసిన గాలి 13.5 రెట్ల దగ్గరికి దిగుతుంది. పాత జెట్టు పాత లెక్క ప్రకారమే పెట్రోలు వదులుతుంది కాబట్టి, ఇంజనుకు అవసరమైనదానికన్నా 8 శాతం దాకా తక్కువ అందినట్టు. కొత్త పెట్రోలుతో పాత పంపు కాస్త వేడెక్కినట్టు, పికప్ తగ్గినట్టు అనిపిస్తే అది భ్రమ కాదు. అలాగని భయపడి ఆపేయాల్సిన పనీ లేదు. మిక్చర్ స్క్రూ ఉన్న పంపుల్లో దాన్ని కొంచెం తిప్పి సరిచూసుకోవచ్చు, ఆ సంగతి తరవాత చెబుతాను.

ఇక వెంట్రుక లెక్క. చిన్న ఇంజను జెట్టు బెజ్జం అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. లోపలి గోడ చుట్టూ 0.025 మిల్లీమీటర్ల పొర కట్టిందనుకోండి. తల వెంట్రుక మందంలో మూడో వంతు. కంటికి ఏమీ కనపడదు. బెజ్జం వ్యాసం 0.5 నుంచి 0.45కు తగ్గింది. పది శాతమే కదా అనిపిస్తుంది. కానీ పెట్రోలు పారేది వైశాల్యాన్ని బట్టి, వ్యాసాన్ని బట్టి కాదు. 0.9ని 0.9తో హెచ్చిస్తే 0.81. అంటే దాదాపు అయిదో వంతు పెట్రోలు తగ్గిపోయింది. చుక్కను ముప్పై ముక్కలు చేసే చోట అయిదో వంతు కోతపడితే ఇంజను ఎలా పలుకుతుంది?

అయితే కార్బొరేటరు మీద అనుమానం ఉందని ముందే స్క్రూడ్రైవరు పట్టుకోకూడదు. ఇంజను నడవాలంటే మూడే కావాలి: నిప్పు, పెట్రోలు గాలి సరిపాళ్లు, ఒత్తిడి. మొదటిది చూడటం తేలిక గనుక ప్లగ్గుతో మొదలుపెట్టాలి.

ప్లగ్గు విప్పి దాని మొన చూడండి. కాల్చిన వేరుశనగ గింజ పొట్టు రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టే. నల్లగా మసిబారి తడిగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువవుతోంది. సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది, ఇది ప్రమాదం. ఇరవైసార్లు తాడు లాగినా పొడిగా ఉంటే పెట్రోలు లోపలికే రావడం లేదు. మొన దగ్గరి ఖాళీ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. కొలిచే పరికరం లేకపోతే హాక్సా బ్లేడు చాలు, దాని మందం సుమారు 0.65. బ్లేడు అంచు ఆ సందులో బిగుతూ వదులూ కాకుండా ఆడాలి. తరవాత ప్లగ్గును క్యాపుకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి తాడు లాగితే నీలంగా చిటపటమనాలి. ప్లగ్గు బెజ్జానికి దూరంగా, నీడలో ఈ పని చేయండి. లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది.

నిప్పు ఉంది, ఇంజను పలకడం లేదు. ఇప్పుడు నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటుంది. ఆయిలు కలిపిన పెట్రోలు చెంచాలో అయిదో వంతు, అంటే ఒక మిల్లీలీటరు, ప్లగ్గు బెజ్జంలో పోయండి. ప్లగ్గు బిగించి, చిందిన పెట్రోలు తుడిచి తాడు లాగండి. మిల్లీలీటరు అంటే 20 చుక్కలు, 600 మంటలు, పూర్తి వేగంలో ఆరు సెకన్ల తిండి. కొంత వృథాపోతుంది కాబట్టి రెండు మూడు సెకన్లు గర్రుమని ఆగిపోతుంది. అలా ఆగిపోతే సంతోషించండి. నిప్పు బాగుంది, ఒత్తిడి ఉంది, లోపమంతా పెట్రోలు వచ్చే దారిలోనే. ఈ ఒక్క పరీక్షతో కాయిలు మార్చాలి, పిస్టన్ మార్చాలి అన్న మాటలన్నీ పక్కకు పోతాయి.

పెట్రోలు దారిని ట్యాంకు దగ్గర నుంచి కిందికి చూసుకుంటూ రావాలి. కార్బొరేటరుకు వచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టి కాక్ తిప్పండి. ఇంజనుకు నిమిషానికి 200 చుక్కలు కావాలన్నాం. సెకనుకు మూడు చుక్కలకు పైనే. టప్పు, టప్పు అని సెకనుకు ఒకటే పడుతుంటే ట్యాంకులోని ఫిల్టరో కాకో మూసుకుపోయింది, కార్బొరేటరును విప్పి లాభం లేదు. బాగున్న దారిలో పెట్రోలు దారంలా కారుతుంది. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ పలికే పంపులు కొన్ని ఉంటాయి. వాటికి ట్యాంకు మూత చూడండి. మూతలో గాలి పోయే సన్న బెజ్జం ఉంటుంది. అది పూడిపోతే పెట్రోలు దిగినకొద్దీ పైన గాలి పలచబడి, పెట్రోలును కిందికి వదలదు. మూత వదులు చేయగానే పలికిందంటే జబ్బు దొరికినట్టే. గుండు సూదితో తీరిపోయే ఈ జబ్బుకు కార్బొరేటరు మార్పించుకున్నవాళ్లను నేను చూశాను.

పెట్రోలు కార్బొరేటరు దాకా బాగా వస్తోందంటే ఇప్పుడు దాన్ని విప్పే వంతు. విప్పేముందు పంపును సబ్బునీళ్లతో కడగండి. ఇది శుభ్రం కోసం చెబుతున్న మాట కాదు. మన పంపు మీద పురుగుమందు ఉంటుంది. బైకు మెకానిక్కులు జెట్టును నోట్లో పెట్టుకుని ఊదుతారు, మనం చూసి చూసి అదే చేస్తాం. మందు పంపు జెట్టుకు నోరు తగలకూడదు. సైకిలు పంపుతో గాలి కొట్టండి, రబ్బరు చేతి తొడుగులు వేసుకోండి, బీడీ పొయ్యి ఏదీ దరిదాపుల్లో లేకుండా ఆరుబయట కూర్చోండి.

తెల్లటి పాత పంచె ముక్క పరుచుకోండి, ఊడిన ప్రతి ముక్కా కనపడుతుంది. మిక్చర్ స్క్రూ ఉంటే తీసేముందు లోపలికి మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి సుద్దముక్కతో రాసుకోండి. ఒకటింపావు అయితే ఒకటింపావు. మళ్లీ అంతే వదలాలి. తరవాత కింది గిన్నె విప్పండి. అడుగున గోధుమరంగు జిగురో, తెల్లటి పొడో, అడుక్కి దిగిన నీటి బొట్టో కనపడుతుంది. నీటి బొట్టు పెట్రోలులో గోళీలా దొర్లుతుంది. ఫ్లోటు పిన్ను లాగి, దాని కింది సూదిని తీసి మొన చూడండి. మొన చుట్టూ గాటు పడి ఉంటే అది పూర్తిగా మూసుకోదు, పెట్రోలు పొంగిపోతుంది, సూది మార్చాలి. జెట్టును సరిపడే స్క్రూడ్రైవరుతోనే తిప్పండి. ఇత్తడి మెత్తన, గాడి చెడితే ఇక రాదు. జెట్టును సూర్యుడి వైపు కాకుండా తెల్లని ఆకాశం వైపు పెట్టి చూడండి. గుండ్రని చుక్క వెలుగు కనపడాలి. అంచు వంకరగా, చంద్రవంకలా ఉంటే పొర ఉన్నట్టు.

ఇక్కడే చేయి తొందరపడుతుంది. నా మొదటి పంపును ఒక చోట రిపేరుకిస్తే బైకు కేబుల్ తీగ పోగు ఒకటి లాగి జెట్టులో గట్టిగా పొడిచి ఇచ్చారు. పంపు వెంటనే పలికింది, నేనూ సంబరపడ్డాను. ఆ సీజనంతా ప్లగ్గులు నల్లబడుతూనే ఉన్నాయి, పెట్రోలు తాగేసింది. ఎందుకో తరవాత అర్థమైంది. ఇనుప తీగ ఇత్తడిని గీకుతుంది. 0.5 బెజ్జం 0.55 అయితే 1.1ని 1.1తో హెచ్చించండి, 1.21. ఎప్పటికీ అయిదో వంతు ఎక్కువ పెట్రోలు. పొరను తీయవచ్చు, గీకేసిన ఇత్తడిని తిరిగి అతికించలేం. పళ్ల బ్రష్షు పోగు ఒకటి తెంపుకోండి, దాని మందం 0.2 మిల్లీమీటర్ల లోపు, పైగా ప్లాస్టిక్. జెట్టును తాజా పెట్రోలులోనో కార్బొరేటరు క్లీనరులోనో గంటసేపు నానబెట్టి, ఆ పోగుతో మెల్లగా తోసి, సైకిలు పంపుతో ఊదండి. ఒకసారికి పోకపోతే రాత్రంతా నాననివ్వండి. క్లీనరు వాడితే రబ్బరు భాగాలన్నీ ముందే తీసేయాలి.

బిగించాక మిక్చర్ స్క్రూను మొదటి లెక్కకు తెచ్చి, ఇంజను వేడెక్కాక సరిచూడండి. ఒక్కసారికి ఎనిమిదో వంతు చుట్టు మించి తిప్పకండి. గడియారం పెద్దముల్లు ఏడున్నర నిమిషాలు నడిచేంత. ఎక్స్‌లేటరు ఇవ్వగానే గొంతు పట్టేసినట్టు తడబడితే పెట్రోలు తక్కువ, గుడగుడమని నల్లపొగ వస్తే ఎక్కువ. కొన్ని స్క్రూలు పెట్రోలును, కొన్ని గాలిని తగ్గిస్తాయి కాబట్టి ఎటు తిప్పితే ఏమవుతుందో ఇంజను గొంతును బట్టి తెలుసుకోవాలి.

ఆయిలు సంగతికి వస్తే, టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా ఆయిలు గది లేదు. పెట్రోలుతో కలిసి వెళ్లే టూ స్ట్రోక్ ఆయిలే (టూటీ ఆయిలు) పిస్టన్‌కు, బేరింగులకు తడి. పంపు మీద 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 40:1 అయితే 25, 50:1 అయితే 20. ఐదు చెంచాలు పోయాల్సిన చోట కంటి అంచనాతో పోయవద్దు, దగ్గు మందు మూత ఒకటి పెట్రోలు డబ్బాకు కట్టి ఉంచుకోండి. “ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిదే కదా” అంటారు. లీటరుకు 25 బదులు 80 పోశారనుకోండి. జెట్టులోంచి వచ్చే ప్రతి వంద చుక్కల్లో అసలు పెట్రోలు 97న్నర నుంచి 92న్నరకు పడిపోతుంది. ఎక్కువ పోసి పెట్రోలునే తగ్గించాం. మిగిలిన ఆయిలు సైలెన్సరు నోట్లో బొగ్గై పేరుకుంటుంది. పంపు పలుకుతుంది గానీ వేగం అందుకోదు, ఆవలింతలా సాగదీస్తుంది అంటే సైలెన్సరు విప్పి చూడండి. బొగ్గు ఉంటే పిస్టన్‌ను పొగ బయటికి పోయే బెజ్జానికి అడ్డంగా తెచ్చి వెదురు పుల్లతో గీకాలి, ఇనుముతో కాదు. బైకు ఇంజను ఆయిలు, ట్రాక్టరులో తీసిన ఆయిలు కలపనే కూడదు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ మధ్య ఫోర్ స్ట్రోక్ పంపులూ వస్తున్నాయి. వాటి పెట్రోలులో ఆయిలు కలపరు, విడిగా గదిలో పోస్తారు. 35.8 సీసీ హోండా ఇంజనుకు ఆ గదిలో పట్టేది 100 మిల్లీలీటర్లే, ఒక టీ గ్లాసు. ఇంట్లో రెండు రకాలూ ఉంటే డబ్బాల మీద రంగు గుర్తు పెట్టుకోండి.

శుభ్రం చేసినా పంపు తెల్ల ప్లగ్గే చూపిస్తూ, ఎక్స్‌లేటరు వదిలినా వేగం తగ్గకుండా కీచుమంటుంటే వెంటనే ఆపేయండి. కార్బొరేటరు దాటాక ఎక్కడో దొంగ గాలి లోపలికి పోతోంది. గ్యాస్కెట్ చిరిగి ఉండవచ్చు, క్రాంక్ చివర ఆయిల్ సీలు ఎండిపోయి ఉండవచ్చు. మళ్లీ కాసేపే నడిపి, గ్యాస్కెట్ అంచు మీద సబ్బునీటి చుక్కలు వేసినప్పుడు వేగం మారితే అక్కడే కన్నం. దీన్ని వాయిదా వేయకూడదు. పెట్రోలు తగ్గడమంటే దాంతో వచ్చే ఆయిలూ తగ్గడమే. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, లోపలి మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. మధ్యలో కాపాడేది ఆ పలచని ఆయిలు తడి, బయటి రెక్కల మీదుగా పారే గాలి. రెక్కల మధ్య పత్తి పింజెలు, మందు పొడి కూరుకుపోయినా అదే గతి. పిస్టన్ సిలిండరుకు పట్టేశాక, సీజ్ అయ్యాక, మొదటిసారి నిజంగా పెద్ద ఖర్చు పడుతుంది.

చివరిది ఒత్తిడి. బాగున్న చిన్న టూ స్ట్రోక్‌లో కొలిస్తే వంద పీఎస్‌ఐ దాటుతుంది, బైకు టైరులో గాలికి మూడు రెట్లు. తొంభై దిగువకు పడితే పలకడం కష్టం. మీటరు లేకపోతే ట్యాంకులు ఖాళీ చేసి, స్విచ్ ఆపి, తాడు పిడి పట్టుకుని పంపును నేలకు జానెడు ఎత్తులో వేలాడదీయండి, రెండో చేయి కింద ఉంచండి. ఆగి ఆగి మెట్లు దిగినట్టు దిగితే రింగులు బాగున్నాయి. బావిలో బొక్కెనలా జర్రున జారితే రింగులు పోయాయి. అప్పుడు మెకానిక్ దగ్గరికే.

ఇప్పటిదాకా చెప్పింది గిన్నె ఉన్న కార్బొరేటరు గురించి. పక్కకు వంచినా తలకిందులు చేసినా నడవాల్సిన గడ్డి కోసే యంత్రాల్లో, రంపాల్లో గిన్నె ఉండదు. గిన్నె బదులు పలచని రబ్బరు పొర ఉంటుంది. ఆ పొర బెలూన్ రబ్బరులా మెత్తగా ఉండాలి. వేలితో తాకితే కాగితంలా చప్పుడైతే మార్చేయాలి, దాన్ని నానబెట్టి లాభం లేదు.

మనూళ్ల వైపు ఇంకో ఆపద ఉంది. 2023 జూలై నెలాఖరులో మునేరు పొంగి ఐతవరం దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మీదికే వచ్చేసింది. అలాంటి వరదలో మునిగిన పంపును తీయగానే అందరూ చేసే పని తాడు లాగి చూడటం. చేయవద్దు. గాలిని నొక్కగలం, నీటిని నొక్కలేం. 25.6 సీసీ ఇంజనులో పిస్టన్ పైకి చేరాక మిగిలే చోటు నాలుగు మిల్లీలీటర్ల లోపు, చెంచా కూడా నిండదు. అక్కడ నీళ్లుంటే పిస్టన్‌ను తోసే కడ్డీ వంగుతుంది. ముందు ప్లగ్గు విప్పి, పంపును తలకిందులు చేసి, అప్పుడు తాడు మెల్లగా లాగితే నీళ్లు చిమ్ముతాయి. ట్యాంకు, గిన్నె ఖాళీ చేసి, బెజ్జంలో రెండు చెంచాల టూటీ ఆయిలు పోసి మళ్లీ తిప్పాలి. ఇది ఆ రోజే జరగాలి. వారం ఆగితే బేరింగులకు తుప్పు పడుతుంది.

కార్బొరేటరు తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, అదే నా బెంగ. ఒకప్పుడు ఆర్‌ఎక్స్ 100, చేతక్ విప్పిన మెకానిక్కులకు ఇది కళ్లు మూసుకుని చేసే పని. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 నియమాలు వచ్చాక కొత్త బైకుల్లో కార్బొరేటరు దాదాపు కనుమరుగై, కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్ముతోంది. కొత్తగా పని నేర్చుకునే కుర్రాడికి జెట్టు చేతికందే రోజులే తక్కువ. అందుకే ఇంట్లో ఒకరైనా ఈ పని నేర్చుకోవాలంటాను, ఆడవాళ్లయినా సరే. సూది బెజ్జంలో దారం ఎక్కించే చేతికి ఇది తేలిక.

మిరపకు ఆఖరి మందు కొట్టిన సాయంత్రం ఒక పావుగంట కేటాయించండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలును డబ్బాలోకి వంపేయండి. అది వృథాపోయినా, 200 మిల్లీలీటర్లకు లీటరు 110 రూపాయల లెక్కన పోయేది 22 రూపాయలు. కాక్ కట్టేసి ఇంజనును నడవనివ్వండి. నిమిషానికి రెండు చెంచాలు తాగుతుంది కాబట్టి గిన్నెలో ఉన్నది ఒకటి రెండు నిమిషాల్లో అయిపోయి దానంతటదే ఆగిపోతుంది. చల్లారాక ప్లగ్గు విప్పి చెంచా టూటీ ఆయిలు పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి. ఆఖరున తాడును చేతికి బరువు తగిలే దాకా లాగి అక్కడ వదిలేయండి. అక్కడ పిస్టన్ పైకి వచ్చి, గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ మూసి ఉంటుంది, జూలై దాకా తేమ గానీ పురుగు గానీ లోపలికి పోదు.